పిన్ చెప్పండి

మంగళవారం పదిన్నరకు అడాప్టరు పూర్తిగా చచ్చింది. నాలుగు రోజుల నుంచీ అది టైపిస్టమ్మ చేత నానా చాకిరీ చేయించుకుంటూనే ఉంది. వైరు ల్యాప్‌టాప్‌లోకి దూరే చోట మెడ వాల్చేసింది. ఎడమవైపుకు వంచి, కింద నాలుగు మడతల కాగితం పెట్టి, పైన పేపరు వెయిట్ ఆనిస్తే పక్కనున్న చిన్న దీపం వెలిగేది. ఆమె దగ్గినా, పక్క గదిలో వకీలు గారు తలుపు గట్టిగా వేసినా ఆరిపోయేది. బ్యాటరీ ఎప్పుడో పోయింది కాబట్టి దీపంతో పాటు ల్యాప్‌టాప్ కూడా ఆరిపోయేది. అందుకని రెండు వాక్యాలకోసారి సేవ్ చేసుకుంటూ, ఊపిరి బిగబట్టి టైపు కొట్టుకుంటూ వచ్చింది. ఆ రోజు మాత్రం ఎవరూ దగ్గలేదు, ఏ తలుపూ పడలేదు. నల్ల డబ్బా మీద చెయ్యి వేస్తే చుర్రుమంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ప్లాస్టిక్కు మాడిన వాసన.

వకీలు గారు కొత్త కంప్యూటరు కొని రెండేళ్లయింది. దాని మీద ఒక పూల గుడ్డ కప్పి ఉంటుంది. టైపిస్టమ్మ వేళ్లకు తెలిసిన పాత అక్షరాల అమరిక ఆ కొత్తదానిలో ఎక్కదు. పాత ల్యాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా ఆ సాఫ్ట్‌వేరు నోరు తెరవదు. ఇరవై ఒక్క ఏళ్లుగా ఈ మేడ మీది గదిలో వీలునామాలూ ఒప్పందాలూ అఫిడవిట్లూ ఆ అమరికతోనే కొడుతోంది. ఇప్పుడు కొత్తది నేర్చుకోమంటే మెట్టెలు తీసి బూట్లు వేసుకోమన్నట్టుంటుంది ఆమెకు.

ఆ ల్యాప్‌టాప్‌లో అప్పుడు ఉన్నది మూడో వీధి పెద్దావిడ వీలునామా. శుక్రవారం పదకొండు గంటలకు ఆమె వచ్చి సంతకం పెట్టాలి. మర్నాడే ఆపరేషనుకు ఆసుపత్రిలో చేరుతోంది. ఇల్లు ఎవరికి రాసిందో ఆమె ముగ్గురు కొడుకులకూ తెలియదు. వకీలు గారికి తెలుసు, టైపిస్టమ్మకు తెలుసు, ల్యాప్‌టాప్‌కు తెలుసు. అంతే. వేరే చోట కాపీ పెట్టుకోమని వకీలు గారు ఎన్నిసార్లు చెప్పారో. ఈ పేజీ అయ్యాక, ఈ పేజీ అయ్యాక అనుకుంటూ ఆమె ఏడు పేజీలు కొట్టేసింది.

వకీలు గారు ఆ రోజు కోర్టులో ఉన్నారు. ఆమె అడాప్టరు సంచిలో వేసుకుని కిందికి దిగింది. ఆ భవనం వకీలు గారిదే. కింద మెట్ల వంపులో, నిటారుగా నిలబడితే తల తగిలేటంత చోటులో, ఛార్జర్లూ అడాప్టర్లూ బాగుచేసే మెకానిక్కు ఒకాయన బల్ల వేసుకుని కూర్చుంటాడు. నలభై ఏళ్లుంటాయి. పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. అందరూ మెట్లకిందాయన అంటారు. టైపిస్టమ్మ రోజుకు నాలుగుసార్లు అతని నెత్తి మీదుగా ఎక్కి దిగుతుంది కానీ ఎప్పుడూ పని పడలేదు. ఆ వేళప్పుడు అతను లేడు. గోడ మీద బోర్డులో ఫోన్ నంబరు ఉంది. అక్కడే నిలబడి ఫోన్ చేసింది.

అడాప్టరు కాలిపోయిందనీ, అర్జంటుగా కొత్తది కావాలనీ, ల్యాప్‌టాప్ పాతదనీ చెప్పింది. అవతల బస్సు హారన్లు వినిపిస్తున్నాయి. అతను గట్టిగా అడిగాడు.

"పాతదైతే అయింది గానీ, పిన్ చెప్పండమ్మా."

"పిన్నా? పిన్ ఎందుకండీ?"

"అది తెలియకుండా ఎలాగమ్మా? ఒక్కో దానికి ఒక్కో పిన్. తేడా వస్తే లోపలికే వెళ్లదు."

టైపిస్టమ్మ ఫోన్ చెవి మార్చుకుంది. అది అందరికీ చెప్పేది కాదండీ అంది. అతను నవ్వాడు.

"నాకు కాకపోతే ఇంకెవరికి చెబుతారమ్మా? రోజూ అందరూ చెబుతూనే ఉంటారు. తెలియకపోతే ల్యాప్‌టాప్ తిరగేసి చూడండి. కింద అంటించి ఉంటుంది. ఫోటో తీసి పంపినా చాలు. లేదా రోగిని తెచ్చినట్టు దాన్నే తెచ్చెయ్యండి, చూడగానే నేనే పట్టుకుంటాను."

ఆమె ఠక్కున ఫోన్ పెట్టేసింది. మెట్లెక్కి గదిలోకి వచ్చి తలుపు గడియ వేసి ల్యాప్‌టాప్ తిరగేసింది. తయారీదారుల స్టిక్కరు సగం అరిగిపోయి ఉంది. దాని పక్కనే, తను మరిచిపోతానేమోనని రెండేళ్ల కిందట తన చేత్తోనే అంటించుకున్న చీటీ ఉంది. పారదర్శకమైన టేపు కింద నాలుగు అంకెలు. ల్యాప్‌టాప్ తెరవగానే అడిగే రహస్య అంకెలు. ఈ చీటీ సంగతి భర్తకు తెలియదు, వకీలు గారికి తెలియదు. మెట్లకిందాయనకు ఎలా తెలిసింది?

ఇంట్లో పై వాటా మరిదిది. టైపిస్టమ్మ భర్త క్యాంపుకు వెళ్లినప్పుడల్లా మరిదే ఇంటికి పెద్ద. పైగా బ్యాంకులో పని. లోకంలో ఎవడు ఎవణ్ని ఎలా మోసం చేశాడో అన్నీ అతని ఫోన్లో ఉంటాయి. పొద్దున లేస్తే ఒకటి, పడుకునే ముందు ఒకటి వదినకు పంపుతాడు. పిన్ ఎవరికీ చెప్పకండి అన్న మాట ఆమె చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతూనే ఉన్నాడు. కూరగాయల దుకాణంలో చిల్లర లేదంటే కూడా దాని వెనకాల ఏదో ముఠా ఉందనే రకం.

సాయంత్రం మరిది ఆఫీసు నుంచి వచ్చి చెప్పులైనా విప్పకముందే ఆమె సంగతంతా చెప్పింది. అతను మెట్ల మీదే కూర్చుండిపోయాడు. మొహంలో భయం కంటే సంతోషమే ఎక్కువ కనిపించింది. ఇన్నేళ్లుగా తను చెబుతున్నది సొంత ఇంటి గుమ్మం దాకా వచ్చినందుకు కాబోలు.

"ఎన్ని అంకెలు చెప్పావు వదినా?"

"ఒక్కటీ చెప్పలేదు."

"బతికించావు. చూశావా, ఫోటో పంపమన్నాడు. రోజూ అందరూ చెబుతున్నారన్నాడు. అంటే ఎంతమందివి పోగేశాడో చూడు. అలాంటివాళ్లు చాలా మంచిగా మాట్లాడతారు వదినా. వాళ్ల గుర్తే అది."

ఆమెకు అతని నవ్వు గుర్తొచ్చింది. మంచిగానే నవ్వాడు. మరిది లేచి వెళ్తూ, రేపు నీ కళ్లతో నువ్వే చూడు, రాసుకుంటున్నాడేమో గమనించు, రాసుకుంటే ఇక అనుమానమే లేదు అన్నాడు. ఒకసారి వెళ్లి అతన్నే అడిగితేనో అని ఆమె అనబోయింది. దొంగని నువ్వు దొంగవా అని అడిగితే ఏమంటాడు వదినా అని మరిది నవ్వేశాడు. అదీ నిజమే అనిపించింది.

బుధవారం ఆమె గంట ముందే వెళ్లింది. మొదటి మలుపు దగ్గర, పై మెట్టు మీద నిలబడింది. చెప్పు పట్టీ తెగినట్టు వంగి, ఎవరైనా ఎక్కుతుంటే పట్టీ సర్దుకుంటూ, వెళ్లిపోగానే మళ్లీ చెవి రిక్కించి. అక్కడి నుంచి మెట్లకిందాయన నడినెత్తి, బల్ల అంచు, ఒక చేతి వేళ్లు మాత్రమే కనిపిస్తాయి. మిగిలినదంతా మాటలే. ఇంతకాలం ఎవరెవరి గుట్లో టైపు కొట్టిందే గానీ ఎవరినీ పొంచి చూడలేదు. సిగ్గనిపించింది. ఆ సిగ్గుకు కూడా అతని మీదే కోపం వచ్చింది.

కాలేజీ అమ్మాయి ఒకతె వచ్చింది. "పిన్?" అన్నాడతను. ఆ పిల్ల వంగి ఏదో చెప్పింది, రోడ్డు రొదలో వినపడలేదు. అతని వేళ్లు బల్ల అంచు నుంచి ఒక చిన్న నోట్‌బుక్ లాగి, చెవి మీది పెన్సిలు తీసి అందులో ఏదో రాశాయి. టైపిస్టమ్మ చేతిలో చెప్పు పట్టీ బిగుసుకుంది.

ఆ తరువాత లావుపాటి మనిషి ఒకాయన వచ్చాడు.

"మొన్నటి పిన్ పనిచేసిందా సార్?"

"బ్రహ్మాండంగా. మా ఆవిడ దానికీ అదే పిన్నయ్యా."

"అయితే ఇంకేం, ఇద్దరికీ ఒక్కటి చాలు. రాసుకుంటాను."

మళ్లీ పెన్సిలు. మళ్లీ నోట్‌బుక్. గంటసేపట్లో ఆరుగురు వచ్చారు, ఆరుగురినీ అడిగాడు, ఐదుగురు చెప్పారు. ఒక ముసలాయన తనది ఏమిటో తనకే తెలియదంటే, ఫరవాలేదు పెద్దాయనా, మీ అబ్బాయిది నా దగ్గర రాసుంది అని నోట్‌బుక్ తిరగేశాడు. ఇంత బాహాటంగా, ఇంతమంది ముందు. జనం ఇంత అమాయకులా?

వకీలు గారు వచ్చి కోటు విప్పి కుర్చీకి తగిలించకముందే ఆమె వెళ్లి నిలబడింది. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెప్పింది. గోరంతైనా కలపలేదు. కలపవలసిన అవసరమే రాలేదు. ఆయన ముందు నవ్వుతూ విన్నారు. పెద్దావిడ వీలునామా మాట రాగానే నవ్వు ఆపేశారు.

"నువ్వు స్వయంగా చూశావా?"

"చూశాను సార్. నోట్‌బుక్‌లో రాస్తున్నాడు."

అంతకంటే ఆయన ఏమీ అడగలేదు. అతన్ని పిలిపించి అడుగుతారేమో అని ఆమె ఎదురుచూసింది. మేడ మీద నోటరీ, మేడ కింద దొంగ అని జనం అనుకుంటే తన సీలుకు విలువేముంటుందని గొణిగి, వాచ్‌మన్‌ను పిలిచారు. ఇరవై ఏళ్లుగా టైపిస్టమ్మ మాట ఆయనకు సాక్ష్యం కిందే లెక్క. ఆమె కొట్టిన కాగితాన్ని రెండోసారి చదవకుండా సంతకం పెట్టే మనిషి. ఆ సాయంత్రం ఆమె దిగేసరికి మెట్ల వంపు ఖాళీగా ఉంది. గోడకు బోర్డు ఉన్న చోట నాలుగు మేకుల బెజ్జాలు ఉన్నాయి. ముందున్న గ్రిల్‌కు కొత్త తాళం వేలాడుతోంది. ఆమెకు హాయిగా ఊపిరాడింది. ఒక మంచి పని చేశానన్న తృప్తితో ఇంటికి వెళ్లి మరిదికి చెప్పింది. మరిది ఆ సంగతిని చుట్టాలందరికీ పంపాడు, తన పేరు ముందు పెట్టుకుని.

కానీ అడాప్టరు సంగతి అలాగే ఉంది. గురువారం పొద్దున ఆమె ల్యాప్‌టాప్‌ను కూడా సంచిలో పెట్టుకుని పెద్ద షోరూముకు వెళ్లింది. కింద చీటీని మాత్రం ముందే గోటితో గీకి తీసేసింది. అద్దాల తలుపులు, చల్లటి గాలి, అందరికీ ఒకే రంగు చొక్కాలు. ఇక్కడ మోసం ఉండదని ఆమెకు గట్టి నమ్మకం. కౌంటరు దగ్గరి అమ్మాయి ల్యాప్‌టాప్ తిరగేసి స్టిక్కరు మీద మోడలు చదివి, ఇది ఆపేసి చాలా ఏళ్లయింది మేడమ్ అంది. అన్నిటికీ పనికొచ్చే అడాప్టరు ఒకటుందంటూ పెట్టె తెచ్చింది. అందులోంచి చిన్న పాలిథిన్ సంచి తీసి, మూతి చించి, కౌంటరు అద్దం మీద బోర్లించింది. నల్లటి ముక్కలు ఎనిమిది దొర్లాయి. వేలి కణుపంత ఉన్నాయి. ఒకటి సన్నం, ఒకటి లావు, ఒకటి పలక, ఒకదాని మధ్యలో సూది మొనలాంటిది.

"ఇందులో మీ పిన్ ఏదో చూసుకోండి మేడమ్."

టైపిస్టమ్మ ఆ అమ్మాయి మొహంలోకి చూసింది.

"ఏమిటన్నావమ్మా?"

"పిన్ మేడమ్. వైరు చివర ఉంటుంది కదా, ల్యాప్‌టాప్‌లోకి గుచ్చేది. ఒక్కో కంపెనీకి ఒక్కో పిన్ ఉంటుంది. మీది ఏదో తెలిస్తే ఈజీ."

ఆమె ఇంతకాలం దాన్ని ముక్కు అనేది. అడాప్టరు ముక్కు విరిగింది అని వకీలు గారితో కూడా అలాగే చెప్పింది. దానికి పిన్ అని ఒక పేరు ఉంటుందని, చీపురు అమ్మేవాడి నుంచి చిన్నపిల్లల దాకా అందరికీ ఆ పేరు తెలిసి ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె చెవుల్లో మాత్రం ఆ మాటకు మరిది పోసిన అర్థం ఒక్కటే ఉంది. ఎనిమిది ముక్కల వైపు చూస్తూ నిలబడింది. పిన్ తేడా వస్తే లోపలికే వెళ్లదు. కింద అంటించి ఉంటుంది. చూడగానే నేనే పట్టుకుంటాను. మా ఆవిడ దానికీ అదే పిన్నయ్యా. ఒక్కొక్క మాటా తిరిగి వచ్చి, తన అసలు అర్థం చెప్పుకుని, పక్కన కూర్చుంది. ఆమెకు అక్కడికక్కడ తల కొట్టేసినట్టయింది.

ఆ అమ్మాయి ఎనిమిదీ గుచ్చి చూసింది. ఏడు ఎక్కలేదు. ఎనిమిదోది ఎక్కింది గానీ దీపం వెలగలేదు. ఇలాంటి పాతవాటికి బయట మెకానిక్కులే అతుకుతారు మేడమ్, మీకెవరైనా తెలుసా అని అడిగింది. తెలుసు అంది టైపిస్టమ్మ.

షోరూము బయట నీడలో నిలబడి ఫోన్ తీసింది. మొన్న చేసిన నంబరు అందులో ఉంది. చెయ్యడానికి పావుగంట పట్టింది. అతను వెంటనే ఎత్తాడు. గొంతు గుర్తుపట్టి, మొన్న ఫోన్ కట్టయింది మీదేనా అమ్మా, సిగ్నల్ పోయిందనుకున్నాను అన్నాడు. ఇప్పుడు బల్ల లేదు, ఇంట్లోనే ఉన్నాను, దూరం అనుకోకపోతే రండి అని దారి చెప్పాడు.

రెండు గదుల ఇల్లు. ముందు గదిలో ఒక గోడ నిండా మేకులు, ప్రతి మేకుకూ ఒక అడాప్టరు వైరుతో వేలాడుతోంది. కింద నిన్నటి బల్ల, కాళ్లు విప్పి గోడకు ఆనించి ఉంది. మెట్లకిందాయన చాప మీద కూర్చుని ఉన్నాడు. అతన్ని పూర్తిగా, మొహంతో సహా చూడడం ఆమెకు అదే మొదటిసారి. కళ్లజోడు ఒక కాడకు దారం చుట్టుకున్నాడు. అతని భార్య కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చి లోపలికి వెళ్లింది.

అతను అడాప్టరు అందుకుని ముందు చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. మీటరు తీగలు ఆనించి, ఇది పూర్తిగా పోయిందమ్మా అన్నాడు. షోరూములో జరిగింది ఆమె చెబితే, పిన్ను కళ్లకు దగ్గరగా పెట్టుకుని, అబ్బ, మధ్యలో సూది ఉన్న రకం, అందుకే షాపులో వెలగలేదు అన్నాడు. ఆ సూదికి సన్నటి మూడో తీగ ఉంటుందట. కరెంటు మోసేది మిగతా రెండూను. ఈ అడాప్టరు నీదే, నమ్మవచ్చు అని ల్యాప్‌టాప్‌కు చెప్పేది ఆ మూడోది. అది తెగితే ఎంత కరెంటు వచ్చినా ల్యాప్‌టాప్ అనుమానించి తీసుకోదు. అతను నవ్వుతూ చెబుతున్నాడు. ఆమెకు మంచినీళ్ల గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

గోడ మీద నాలుగైదు అడాప్టర్ల వెనక రాతలు చదివి, ఒకటి దింపాడు. ఇంకో చెడిపోయినదాని నుంచి సూది పిన్ మెడ దగ్గర కోశాడు. నల్లటి తొడుగును బ్లేడుతో గుండ్రంగా గీసి ఒలిచాడు. లోపల అల్లికలా ఉన్న తీగను పక్కకు మెలితిప్పి, తెల్లదాన్నీ నీలందాన్నీ విడదీశాడు. నీలంది జడలో తప్పిపోయిన వెంట్రుకంత ఉంది. దాని కొనను నాలుకతో తడిపి, తీగలు అతికే సోల్డరు కడ్డీ వేడెక్కేదాకా ఎదురుచూస్తూ కూర్చున్నాడు. పని చేస్తూనే తన గోడు చెప్పుకున్నాడు. నిన్న సాయంత్రం వాచ్‌మన్ వచ్చి అరగంటలో ఖాళీ చెయ్యమన్నాడట. ఎందుకని అడిగితే, గిరాకీల రహస్య అంకెలు రాసుకుంటున్నానని ఎవరో చెప్పారట. పన్నెండేళ్ల చోటు. ఇంకెక్కడ బల్ల వేద్దామన్నా ముందు ఆ మాటే చేరుతుంది. నోట్‌బుక్ తీసి, ఎవరై ఉంటారా అని పొద్దుటి నుంచి ఒక్కొక్క పేజీ తిరగేస్తున్నాననీ, ఎవరి పనిలోనూ తప్పు కనపడడం లేదనీ అన్నాడు. నోట్‌బుక్ ఆమె కాళ్ల దగ్గరే తెరిచి ఉంది. పేజీ నిండా పెన్సిలు గీతలతో చిన్న చిన్న గుండ్రాలు, గుండ్రంలో చుక్క, పక్కన మనిషి పేరు. అన్నీ పిన్నుల బొమ్మలే.

నీలం తీగ అతికింది. వేడికి బిగుసుకునే గొట్టం తొడిగి, లైటరు మంట దూరంగా ఆడించాడు. మీటరు పంతొమ్మిదిన్నర వోల్టులు చూపించింది. ల్యాప్‌టాప్‌లో గుచ్చగానే చిన్న దీపం వెలిగింది. వంచక్కర్లేదు, పేపరు వెయిట్ అక్కర్లేదు. తెర మీద ఎప్పటిలాగే నాలుగు గడులు వచ్చి పిన్ అడిగాయి. మెట్లకిందాయన ల్యాప్‌టాప్ ఆమె వైపు జరిపి, తను పూర్తిగా గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

"కొట్టుకోండమ్మా. అయ్యాక చెప్పండి."

ఆమె ఆ వీపు వైపు చూస్తూ కూర్చుంది. చొక్కా భుజం దగ్గర సోల్డరు చుక్క పడి కాలిన చిల్లు ఉంది. ఎట్టకేలకు నాలుగు అంకెలు కొట్టింది. వీలునామా ఉంది. ఏడు పేజీలూ ఉన్నాయి. అయిందండీ అంది. అతను ఇటు తిరిగి, మీటరు తీగలు చుట్టుకుంటూ, మెల్లగా అడిగాడు.

"మీరు రోజూ నన్ను చూస్తూనే ఉంటారు కదమ్మా. ఒక్క మాట వకీలు గారికి చెబుతారా? మీ మాటంటే ఆయన వింటారని అంటారు."

"విన్నారండీ" అంది ఆమె. "చెప్పింది నేనే."

అతనికి అర్థం కాలేదు. ఆమె మొత్తం చెప్పింది. ఫోన్ పెట్టేసిన సంగతి, చీటీ, పై మెట్టు మీద చెప్పు పట్టీ సర్దుకుంటూ గంటసేపు నిలబడ్డ సంగతి, అన్నీ. మరిది పేరు ఎత్తలేదు. ఎత్తితే కాస్త తేలికయ్యేది గానీ, మేడ మీద నిలబడి వకీలు గారికి చెప్పింది మరిది కాదు. అతను మీటరు తీగ చుట్టడం ఆపేశాడు. లోపలి నుంచి అతని భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది. అరిచినా బాగుండుననిపించింది ఆమెకు.

తను రాసి ఇస్తానంది. అక్కడే, ఆ కుర్చీలోనే కొత్త పేజీ తెరిచి టైపు కొట్టింది. మెట్ల కింద పనిచేసే మెకానిక్కు ఎవరి రహస్య అంకెలనూ అడగలేదని, అడిగింది వైరు చివరి పిన్ గురించేనని, తానే పొరపాటున వకీలు గారితో వేరుగా చెప్పానని. అలవాటు ప్రకారం గొంతు సవరించుకుని చదవబోయింది. ఎంతోమంది ఆమె చదివింది విని, ఆమె చూపించిన చోట సంతకాలు పెట్టారు.

"మీరు చదవొద్దు. నేను చదువుకుంటాను" అన్నాడతను.

ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, ఒక్కొక్క మాట కింద వేలు పెట్టి చదివాడు. ఒకచోట వేలు ఆగింది.

"ఈ పొరపాటున అన్నది నిజం కాదమ్మా. పొరపాటంటే చెయ్యి జారడం. మీరు ఒక రాత్రంతా ఇంట్లో ఆలోచించుకున్నారు. గంటసేపు నిలబడి చూశారు. కిందికి ఏడు మెట్లు దిగి నన్ను ఒక్క మాట అడగలేదు."

"ఏం పెట్టమంటారు?"

"టైపిస్టు మీరు. ఏది నిజమో అది పెట్టండి."

ఆమె ఆ మాట చివర కర్సరు నిలిపి ఒక్కొక్క అక్షరం వెనక్కి చెరుపుకుంటూ వెళ్లింది. ఖాళీలో గీత ఆరుతూ వెలుగుతూ ఉంది. ‘అనుమానంతో’ అని కొట్టింది. అతను చదివి తల ఊపాడు. పనికి ఎప్పుడూ తీసుకునేంతే తీసుకున్నాడు. గుమ్మం దాకా రాలేదు.

శుక్రవారం పదకొండుకు పెద్దావిడ వచ్చింది. టైపిస్టమ్మ ఏడు పేజీలూ చదివి వినిపించింది. పెద్దావిడ కళ్లు మూసుకుని విని, ఏడుచోట్ల సంతకం పెట్టి వెళ్లిపోయింది. అప్పుడు టైపిస్టమ్మ తన కాగితం తీసి వకీలు గారి ముందు పెట్టింది. సీలు వేసి ఇవ్వమని అడిగింది. ఆమె కొట్టిన కాగితాన్ని ఆయన రెండోసారి చదవడం ఆమె మొదటిసారి చూసింది. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"పొరపాటున అని మార్చి తీసుకురా, సంతకం పెట్టేస్తాను. పొరపాటు ఎవరికైనా వస్తుంది. అనుమానంతో అని నువ్వే రాసిస్తే రేపు వాడు కేసు వేశాడంటే ఇరుక్కుంటావు. ఎవరు పెట్టమన్నారీ మాట?"

"నేనే పెట్టాను సార్. అలాగే ఉండనివ్వండి."

"అలాగే ఉంటే ఎలా? నువ్వు అనుమానంతో చెప్పావు సరే. విని, వాణ్ని పిలిచి అడక్కుండా బల్ల బయట పెట్టించినవాణ్ని నేను. నన్నేమంటారు?"

ఆమెకు ఉద్యోగం గుర్తొచ్చింది. పూల గుడ్డ కప్పిన కొత్త కంప్యూటరు, దాని మీద కొట్టగలిగే ఏ అమ్మాయైనా రేపు పొద్దునే రావచ్చన్న సంగతీ గుర్తొచ్చింది. భయం వేసింది. ఆ కాగితంలో మీ గురించి నేనేమీ రాయలేదు సార్ అంది. మాట మాత్రం మార్చలేదు. ఆయన ఆమె వైపు చూడకుండా సంతకం పెట్టి, సీలు నొక్కి, సొరుగు లాగి తాళంచెవి ఒకటి బల్ల మీదుగా నెట్టారు. చోటు వాడిదేనని చెప్పు అన్నారు.

ఫోన్ చేస్తే మధ్యాహ్నానికి మెట్లకిందాయన తోపుడు బండి మీద బల్ల వేసుకుని వచ్చాడు. గేటు బయటే ఆగాడు. టైపిస్టమ్మ కిందికి దిగి వెళ్లి కాగితమూ తాళంచెవీ అతని చేతిలో పెట్టింది. కాగితం నిలబడే మొత్తం చదివాడు. మధ్యలో ఆ మాట దగ్గర వేలు పెట్టి, ఉందని చూసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. తాళంచెవిని మాత్రం వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాడు. పన్నెండేళ్లలో ఆ గ్రిల్‌కు తాళం అన్నది లేదు. భోజనానికి వెళ్తే సామాన్లన్నీ బల్ల మీదే వదిలేసి వెళ్లేవాడు.

"ఇంకో తాళంచెవి ఎవరి దగ్గరుందమ్మా?" అన్నాడు.

ఆమెకు తెలియదు. వాచ్‌మన్ దగ్గరో, వకీలు గారి దగ్గరో ఉంటుంది, పైకి వెళ్లి కనుక్కుని వస్తానంది.

"వద్దులెండి" అన్నాడు మెట్లకిందాయన. "తాళమే మార్చేస్తాను."